పొట్టుపెట్టె ముట్టడి

దేవతలను తలచుకుని కథ మొదలుపెట్టేవాళ్లు వేరే ఉంటారు. వాళ్ల నేల ఇంకా వాళ్ల కాళ్లకిందే ఉండి ఉంటుంది. నేను మాత్రం పచ్చబాబును తలచుకుని మొదలుపెడుతున్నాను. ఎవడు మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్లి మూడు యుగాల జ్ఞానంతో తిరిగివచ్చాడో, ఎవడు ప్లాస్టిక్ చెంబును చూసి పామును చూసినట్టు ఉలిక్కిపడి, ఎవరూ చూడనప్పుడు అదే చెంబుతో స్నానం చేశాడో, ఎవడి నాలుకమీద ‘ప్రకృతి’ అనే మూడక్షరాలు నిత్యం నాట్యమాడుతుండగా ఎవడి అరచేతిలో పార పట్టి కాచిన కాయ ఒక్కటైనా కనబడదో, ఎవడు నా తోడబుట్టి, నా భుజాలమీద పెరిగి, నా మడిలో మేడ కట్టాడో, ఆ పచ్చబాబుకు, ఆ హరితధ్వజునికి, ఆ మృణ్మయసౌధ నిర్మాణ ధురంధరునికి, ఆ పరశ్రమ ఫలభోక్తకు ముందుగా నా పెద్ద నమస్కారం. వాడి పచ్చదనం చల్లగుండ. నా కడుపు మాత్రం మండుతూనే ఉంది.

ఇక కాలం, స్థలం. సహస్రకిరణుడు కొట్టం కప్పుమీద మోచేతులు ఆనించి మా పొలంలోకి తొంగిచూస్తున్న వేళ, మంచు ఇగిరి వంగతోటలో ఆకులు తలలు దులుపుకుంటున్న వేళ, కొట్టంలో పాలపని ముగిసి కడిగిన బకెట్లు వరసగా బోర్లించిన వేళ, ఉదయం సరిగ్గా పది గంటల అయిదు నిమిషాలకు, మా కుటుంబ క్షేత్రంలో నీటికాలువ వారన, ఆ మహాసంగ్రామం జరిగింది. రెండు పక్షాలు తలపడ్డాయి. ఒక పక్షంలో నేను. రెండో పక్షంలో ఒక కోడి. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసి కూర్చోండి, మళ్లీ సందు దొరకదు.

ఆ కాలువ వారన నేల సామాన్యమైనది కాదు. నల్లగా, మెత్తగా, పిడికిట్లో పడితే ముద్దై, వదిలితే పొడై, రాయన్నది ఎరుగని ఆ మట్టిలో పందొమ్మిదేళ్లు నేను నారు పోశాను. టమాటా నారు, వంగ నారు, క్యాబేజీ నారు. చుట్టుపక్కల తోటల్లో సగం మొక్కలు కళ్లు తెరిచింది నా మడిలోనే. ఏడో తరగతి సగంలో బడి మానేసిన నాకు, ‘ఇది నాకు వచ్చు’ అని నలుగురిలో చెప్పుకోగలిగిన విద్య అదొక్కటే. ఇంత సంస్కృతం ఎక్కడ నేర్చావని అడగబోతున్నారేమో, కోపం వస్తే భాష దానంతటదే వస్తుంది.

సరిగ్గా అక్కడే పచ్చబాబుకు అతిథిగది కనబడింది.

“అన్నయ్యా, వచ్చినవాళ్లు పొద్దున లేచి కిటికీ తెరవగానే నీళ్లు కనబడాలి.”

“నారుక్కూడా నీళ్లు కనబడాలి కదరా.”

“నీకర్థం కాదులే.”

“ఆ రాళ్లదిబ్బ మీద కట్టుకో. చవిటినేల ఉంది, అక్కడ కట్టుకో. ఎవడొద్దన్నాడు?”

“అక్కడ ఫీలింగ్ రాదన్నయ్యా.”

ఫీలింగ్! పందొమ్మిదేళ్ల ఎరువు, పందొమ్మిదేళ్ల చెమట ఒక పక్కన. వీడి ఫీలింగ్ ఒక పక్కన. తక్కెడ పట్టినవాడు మా నాన్న. వృద్ధసింహం, క్షేత్రాధిపతి, ఉభయపుత్ర కలహ నిత్యపీడితుడు అయిన మా నాన్న గట్టుమీద గొంతుక్కూర్చుని, నేలమీద పుల్లతో గీతలు గీస్తూ తీర్పు చెప్పాడు.

“చూడు పెద్దోడా. వాడు సిమెంటు వెయ్యనంటున్నాడు. ఉత్త మట్టిగోడలు. వద్దనుకుంటే నాలుగు బిందెలు నీళ్లు కొడితే మళ్లీ మట్టే. ఆ ఆకుల సంఘం వాళ్లెవరో వచ్చి చూస్తారంట. మూడు ఆకులిచ్చారా, గది వాడిది, గది కింద నేలా వాడిదే. ఇవ్వలేదా, గోడలు కరిగించి నీ మడి నువ్వు పోసుకో. ఇంక ఇద్దరూ నన్ను పీక్కుతినకండి.”

ఆకుల సంఘమంటే, నేలకూ నీటికీ చెరుపు చెయ్యకుండా నడిచే అతిథిగదులను తనిఖీ చేసి, అయిదింటికి ఇన్ని ఆకులని మార్కులు వేసే సంఘం. మూడొస్తే వాళ్ల జాబితాలో పేరు ఎక్కుతుంది, అతిథులు వస్తారు. మూడు రాకపోతే ఆ గది ఉల్లిపాయలు ఆరబోసుకోవడానికి కూడా పనికిరాదు.

ఆ విధంగా నిర్మాణపర్వం మొదలైంది. నలభై ఒక్క రోజులు బంకమన్ను, గడ్డి, నీళ్లు కలిపి మోకాళ్లదాకా దిగబడి తొక్కినవాడెవడు? నేను. ముద్దలు చేసి గోడ ఎత్తినవాడెవడు? నేను. ఎవరిదో పడగొట్టిన ఇంటి పాత కిటికీలు బండిమీద తెచ్చి, వంకర్లు సరిచేసి బిగించినవాడెవడు? అడగక్కర్లేదు. పచ్చబాబు నీడలో కుర్చీ వేసుకుని, నిమ్మరసం తాగుతూ, “అన్నయ్యా, తొక్కేటప్పుడు మట్టితో మాట్లాడు. శిబిరంలో అలాగే చెప్పారు,” అని ఉపదేశించాడు. మాట్లాడాను. నేను మట్టితో ఏమన్నానో రాస్తే ఈ కాగితం నలుగురిలో చదవడానికి వీల్లేకుండా పోతుంది.

ఎట్టకేలకు లేచి నిలబడింది ఆ భవనం: సౌరఫలక కిరీటధారిణి, వర్షజల సంచయ కుంభోదరి, పరగృహ భగ్నగవాక్ష పునర్జన్మదాయిని! ఫ్యాను తిరిగితే బల్బు ఆరిపోయేది. బల్బు వెలిగితే ఫ్యాను అలిగేది. రెండూ కలిసి పనిచేస్తే అది కల. దానికంతటికీ శిరోభూషణం, పచ్చబాబు వక్షస్థలం ఉప్పొంగడానికి మూలకారణం, వెనకవైపున్న నీళ్లులేని మరుగుదొడ్డి. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ముక్కు మూసుకోనక్కర్లేదు. ఒక చెక్కపీట, దాని కింద బకెట్టు, పక్కన మోకాలెత్తు చెక్కపెట్టె. పెట్టె నిండా వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపుపొట్టు, దానిమీద ఒక సత్తు మగ్గు. అతిథి తన పని ముగించుకుని రెండు మగ్గుల పొట్టు బకెట్టులో పోస్తే వాసన ఉండదు, ఈగ వాలదు, ఏడాది తిరిగేసరికి అంతా ఎరువు. గోడమీద పచ్చబాబు స్వహస్తాలతో రాసిన పలక: ‘పని ముగిశాక రెండు మగ్గుల రంపపుపొట్టు. నేల మీకు ధన్యవాదాలు చెబుతోంది.’ గాలి ఆడాలని తలుపుకింద జానెడు సందు వదిలాడు. పొట్టు తెచ్చిన సంచులు ప్లాస్టిక్‌వి కనుక, అవి తనిఖీవాళ్ల కంటబడితే ఆకులు రాలతాయని, మూడు సంచుల పొట్టూ ఒక్క పెట్టెలోనే గుమ్మరించి సంచులు మాయం చేశాడు.

ఒక్క ముఖ్యవిషయం. కట్టిన తరువాత ఆ మరుగుదొడ్డిని మా ఇంట్లో ఒక్కరూ వాడలేదు. ముందుగా వాడనివాడు పచ్చబాబు. “కొత్తగానే ఉంచుదాం, వాళ్లు వచ్చేదాకా,” అని తలుపు దగ్గరికి వేసి, తువ్వాలు భుజాన వేసుకుని, ప్రతి ఉదయం మా ఇంటి బాత్రూంలోకి, నాకంటే సరిగ్గా రెండు నిమిషాల ముందు, దూరేవాడు. నేల వాడికి ధన్యవాదాలు చెప్పే అవకాశమే రాలేదు. ఆ నిర్మానుష్య ప్రదేశంలో ఏం జరుగుతున్నదో రెండున్నర వారాలు ఎవరికీ తెలియలేదు.

పరీక్షకురాలు వచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన బూట్లు, చంకలో అట్ట, అట్టమీద కాగితం, కాగితంమీద గళ్లు, చేతిలో ఆ గళ్లలో జాతకాలు రాసే కలం. చాలా మంచి మనిషి, మర్యాదస్తురాలు. నా సర్వనాశనానికి వచ్చినవాళ్లందరూ మర్యాదస్తులే. గోడ తట్టి చూసింది. వాననీటి తొట్టి మూత తీసి చూసింది. ఫ్యాను వేసింది; బల్బు ఆరిపోయింది; ఏదో రాసుకుంది. పచ్చబాబు ఆవిడ వెనకాలే నీడలాగా తిరుగుతూ, గోడ తనే తొక్కినట్టు వర్ణించాడు.

“మట్టితో మాట్లాడుతూ కట్టాం మేడమ్.”

“అవునా? ఏం మాట్లాడారు?”

వాడు నావైపు చూశాడు. నేను కాలువవైపు చూశాను.

“సరే, ఇప్పటికి రెండు ఆకులు,” అంది ఆవిడ. “మిగిలింది మరుగుదొడ్డి. అది పనిచేస్తే రెండు, చెయ్యకపోతే సున్నా. నేనే వాడి చూడాలి, మా రూలు. రెండు గంటలు బండి నడుపుకుంటూ వచ్చాను, పరీక్షకు ఇంతకన్నా మంచి సమయం కూడా దొరకదు.” చిన్నగా నవ్వి వెనకవైపు నడిచింది.

ఒక కేక వినిపించింది. వెంటనే ఇంకో కేక. మొదటిది ఆవిడది. రెండోది మనిషిది కాదు.

ఇంటిల్లిపాదీ పరుగెత్తాం. ఆవిడ అప్పటికే బయటికి దూకి తలుపు మూసేసింది. తలుపు తెరిచి చూద్దుముగదా, ఆ పొట్టుపెట్టె నడిమధ్యన, మూడు సంచుల మెత్తని రంపపుపొట్టే సింహాసనంగా, రెక్కలు ఛత్రంలా విప్పి, మెడ ఈకలు నిక్కబొడుచుకుని, కళ్లు నిప్పుకణికలై, చుక్కల వస్త్రధారిణి, వజ్రచంచువు, గర్భాండ సంరక్షణ దీక్షాబద్ధ, మా అమ్మ పెంపుడు చుక్కలకోడి పొదుగుమీద కూర్చుని ఉంది!

“అయ్యో నా తల్లీ!” అని మా అమ్మ గుండెలమీద చెయ్యి వేసుకుంది. “నక్క ఎత్తుకుపోయిందనుకున్నానే! ఇక్కడున్నావా? పదిహేడు రోజులైంది నువ్వు కనబడక!” అని ఆప్యాయంగా చెయ్యి చాపింది. కోడి ఆ చేతిని ఠక్కున పొడిచింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని మురిసిపోయింది. “చూశారా? తల్లంటే అదీ. ఇంక నాలుగు రోజుల్లో పిల్లలు లేస్తాయి. దాన్ని ఎవరైనా లేపారో, నేను మళ్లీ ఈ ఇంట్లో పొయ్యి ముట్టించను. గుర్తుపెట్టుకోండి.”

పచ్చబాబు ముఖంలో పచ్చదనం మొదటిసారి నిజంగా కనబడింది. “మేడమ్, పోనీ బూడిద వేస్తే?”

“పలకమీద రంపపుపొట్టు అని మీరే రాశారుగా. రాసింది నడుస్తుందో లేదో చూస్తాను.”

“పొట్టు ఉన్నదంతా ఆ పెట్టెలోనే ఉంది. వడ్రంగి మళ్లీ సోమవారం కానీ రాడు...”

“కోడిని లేపొద్దు, అది కూడా చెబుతున్నాను. పొలంలో ఉన్న జీవాన్ని చెదరగొట్టి నడిపిస్తే మా లెక్కలో అది నడిచినట్టు కాదు. సున్నాయే.”

అహో! ఆ మాట నా చెవులకు ఎలా వినబడిందని చెప్పను! ఆ క్షణంలో నా కళ్లముందు మట్టిగోడలు కరిగి కాలువలోకి జారిపోయాయి. నల్లని నేల మళ్లీ వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూసింది. వరసలు వరసలుగా వంగ నారు రెండేసి ఆకులు వేసింది. ఏ శిబిరానికీ వెళ్లని, ఏ సంఘంలోనూ సభ్యత్వం లేని ఆ చుక్కలకోడి, నేను అడగకుండానే, పదిహేడు రోజులుగా నా పక్షాన ఒంటరిగా యుద్ధం చేస్తోంది. మనసులోనే దానికి పాదాభివందనం చేశాను.

ముందుగా పచ్చబాబు యుద్ధానికి వెళ్లాడు. వాడి యుద్ధమూ వాడిలాగే ఉంది. మగ్గు కోడి పక్కనే పొట్టులో కూరుకుపోయి ఉంది. వాడు చేతులు రెండూ చాపి, స్వరం తేనెలో ముంచి, “తల్లీ, నేను నీ మిత్రుణ్ణి, భయపడకు, శాంతి, శాంతి,” అంటూ అంగుళం అంగుళం జరిగాడు. కోడి వాడి రెండో శాంతిని పూర్తి కానివ్వలేదు. చూపుడువేలుమీద ఒకటి, మణికట్టుమీద ఒకటి, బయటకు దూకుతుంటే మడమమీద ఒకటి. హరితధ్వజుడు వేలు నోట్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లతో, ప్రకృతి ఒడిలోనుంచి బయటపడ్డాడు.

పరీక్షకురాలు కలం తీసింది. “నాకు ఆగడం కష్టంగా ఉంది. మీ ఇంటి బాత్రూం చూపించండి. మరుగుదొడ్డికి సున్నా, మొత్తం రెండు ఆకులే అని రాసి ముగించేస్తాను.”

కలం కాగితాన్ని తాకబోతోంది. ఒక్క నిమిషం. ఒక్క నిమిషం నేను మామూలుగా నిలబడి ఉంటే చాలు, ఈ కథ ఆనందంగా ముగిసేది. అప్పుడు పచ్చబాబు నోట్లోంచి వేలు తీసి, ఎవరితోనో కాదు, గాలితో అన్నట్టు అన్నాడు.

“అన్నయ్యను అడుగుదామంటే, ఆయనకు కోడంటే చిన్నప్పట్నుంచీ భయం.”

“అదేం లేదు,” అన్నాను.

“తొమ్మిదేళ్లప్పుడు ఒక పెట్ట తరిమితే గడ్డివామెక్కి సాయంత్రందాకా దిగలేదు మేడమ్. నాన్న నిచ్చెన వేసి దింపాడు.”

“అవును, పాపం,” అంది మా అమ్మ జాలిగా. “నిక్కరు కూడా...”

“అమ్మా!”

మా నాన్న దగ్గాడు. అది దగ్గు కాదని ఆ ప్రాంగణంలో అందరికీ తెలుసు. పరీక్షకురాలు మర్యాదస్తురాలు కనుక బూట్ల వైపు చూసుకుంది, కానీ ఆవిడ భుజాలు కదిలాయి. నా భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఆ నిక్కరు సంగతి ఆమెదాకా పోకుండా నేను కాపాడుకుంటూ వచ్చాను. నిర్ఘాత సదృశమైన ఆ నవ్వు నా చెవిలో పడగానే, నా రక్తం నరనరానా పొంగి, కనుబొమలు ధనుస్సులై, శ్వాస కొలిమితిత్తియై, వివేకమనే ఒక్క దీపం టప్పున ఆరిపోయింది.

ఆమె నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. దగ్గరకొచ్చి మోచెయ్యి పట్టుకుని చెవిలో అంది. “ఏమండీ. ఊరుకోండి. మీరేం చెయ్యక్కర్లేదు. ఊరికే నిలబడండి, అంతే. చాలు.”

ఏ రాజుకూ ఏ మంత్రీ అంత తక్కువ మాటల్లో అంత గొప్ప సలహా చెప్పి ఉండడు. మడికోసం నన్ను ఆమె అడిగింది నిలబడటం ఒక్కటే. అది కూడా నాకు చేతకాలేదు. చెయ్యి విదిలించుకున్నాను.

గోనెసంచి మడిచి ఎడమచేతికి డాలుగా చుట్టి తాడు బిగించాను. గడ్డి మోసే గంప నెత్తిన శిరస్త్రాణంగా బోర్లించాను. పాలు కొలిచే మగ్గు కుడిచేత ధరించాను. పచ్చబాబు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. చేతులు కట్టుకున్నాడు. వాడి మూతి ఒక పక్కకు కొంచెం లేచింది. అది అప్పుడు నేను చూశాను, చూసి కూడా ఆగలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

“ఓసీ చుక్కలకోడీ!” అని గర్జించాను. “నూకభక్షిణీ, పెరటి సంచారిణీ, పరాధీన పెట్టె ఆక్రమణ దురహంకారిణీ! ఎవరి పెట్టెలో ఎవరి పొట్టుమీద కూర్చుని ఎవరిని ధిక్కరిస్తున్నావు? తొమ్మిదేళ్ల పసివాణ్ణి తరిమిన మీ వంశప్రతాపం ముప్పై ఎనిమిదేళ్లుగా నా గుండెలో ములుకై ఉంది. నేడు ఆ లెక్క తేలుతుంది. నాకు నీ గుడ్లు వద్దు, నీ ప్రాణం వద్దు, నీ గూడు వద్దు. రెండు మగ్గుల పొట్టు ఇచ్చి శరణు వేడుకో. లేదా యుద్ధానికి సిద్ధంకా!”

కోడి మెడ వంకరగా పెట్టి ఒంటికంటితో నన్ను చూసింది. దాని గొంతులో ‘క్ర్‌ర్‌ర్’ మన్న ఆ ధ్వనికి అర్థం నాకు స్పష్టంగా తెలుసు: ‘ఓరీ గంపశిరస్కా! గోనెకవచధారీ! నీ నారుమడి లాక్కున్నవాడు బయట చేతులు కట్టుకుని నవ్వుతుంటే, వాడిమీదికి ఎత్తని ఆ చెయ్యి గుడ్లు పొదుగుకునే ఆడదానిమీదికి ఎత్తావా? దమ్ముంటే రా.’

వెళ్లాను. మగ్గు పొట్టులో ముంచబోయాను. మొదటి పోటు మణికట్టుమీద. గోనె అడ్డం పెట్టాను; రెండో పోటు గోనె దాటి మోచేతిమీద. తల వంచాను, మూడో పోటు గంపమీద పడి, గంప ముందుకు జారి, లోకమంతా చీకటై, ఆ చీకట్లో నాలుగో పోటు బొటనవేలు గోరు పక్కన. రెక్కల తుపాను, పొట్టు మేఘాలు, నా ముక్కులో పొట్టు, నోట్లో పొట్టు, కళ్లలో పొట్టు. మగ్గులో మాత్రం లేదు.

“జాగ్రత్తరా!” అని బయటనుంచి మా అమ్మ కేక.

“ఆ... పరవాలేదమ్మా!”

“నిన్ను కాదు, గుడ్లు జాగ్రత్త!”

వెనక్కి తగ్గి, వేరే ఆసనం లేక, ఆ చెక్కపీట మూతమీదనే కూలబడ్డాను. బొటనవేలునుంచి రక్తం బొట్లుబొట్లుగా. కోడి ఈకలు సర్దుకుంది. బయట ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరన్నది ఇప్పటికీ నాకు తెలియదు, తెలుసుకోవాలని లేదు.

అలా తల వంచుకుని కూర్చున్న నా చూపు పెట్టె ముందువైపు అట్టడుగు పలకమీద పడింది. ఆ పెట్టె బిగించింది నేనే. ఆ పలకలో, నేలకు జానెడెత్తున, రూపాయంత చెక్కముడి ఉంది. ముడి ఎండితే చుట్టూ చెక్కకు పట్టు వదిలేస్తుంది. వేలితో నొక్కితే కదులుతుంది. కదిలింది. నడుములోంచి మొనకట్టె తీశాను. నారు నాటేటప్పుడు మట్టిలో గుంట చేసే జానెడు కట్టె అది. మడి పోయినా పందొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ నా నడుమునే ఉండేది. మొన ముడిమీద ఆనించి, లేత వేరు చుట్టూ మట్టి కదిపినంత మెల్లగా, ఇటూ అటూ, ఇటూ అటూ తిప్పాను. ముడి లోపలికి పడింది.

సర్రున పొట్టు జారింది. సన్నగా, పచ్చగా, ఆగకుండా. మగ్గు పట్టాను.

దుర్భేద్యమైన కోటను అడుగునుంచి తవ్వాను! పైన కోట నెమ్మదిగా కిందికి దిగింది. సింహాసనంతో సహా, గుడ్లతో సహా, రెక్కలు విప్పుకునే, ఆ చుక్కల మహారాణి ఒక అంగుళం కుంగింది. నావైపు చూసింది. ఇంకో అంగుళం కుంగింది. రాజ్యం కుంగుతున్నా కూర్చున్న తీరు మార్చలేదు; ఆ ఠీవి పచ్చబాబుకు ఏడు జన్మలెత్తినా రాదు. మగ్గు నిండింది. మొనకట్టెను కన్నంలోకి దోపాను. పొట్టు ఆగింది. లాగాను, వచ్చింది. దోపాను, ఆగింది. నిండిన మగ్గును బకెట్టులో కుమ్మరించి, రెండోసారి నింపి, రెండో మగ్గూ కుమ్మరించాను. కోడి ఒక్కసారి కూడా లేవలేదు. మొనకట్టెను దాని కన్నంలోనే దోపి, ఖాళీ మగ్గు పక్కన పెట్టి, తలుపు తీసుకుని, పొట్టుతో నఖశిఖపర్యంతం బంగారు విగ్రహమై బయటకు వచ్చాను.

“వెళ్లండి మేడమ్,” అన్నాను. “ఆ కట్టె లాగితే పొట్టు వస్తుంది. దోపితే ఆగుతుంది. కోడివైపు చూడకండి, దానికి నచ్చదు.”

ఆవిడ దాదాపు పరుగున వెళ్లింది. మా కుటుంబమంతా మర్యాదకోసం వెనక్కి తిరిగి, కాలువవైపు చూస్తూ వరసగా నిలబడ్డాం. తరువాత సర్రుమని చిన్న శబ్దం. బకెట్టులో మెత్తగా ఏదో పడిన శబ్దం.

“ఒకటి,” అన్నాడు నాన్న.

మళ్లీ సర్రు. మళ్లీ మెత్తగా.

“రెండు,” అన్నారందరూ. నేను కూడా అన్నాను. సిగ్గులేకుండా, గర్వంగా, అందరికంటే గట్టిగా అన్నాను.

పరీక్షకురాలు వెలిగిపోతున్న ముఖంతో బయటకు వచ్చింది. “ఇరవై గదులు చూశాను, ఇంత తెలివైన ఏర్పాటు ఎక్కడా లేదు. మగ్గు ముంచే పనే లేదు. జీవానికి ఇబ్బంది లేదు. మొత్తం నాలుగు ఆకులు. ఈ ఆలోచన ఎవరిది?”

నేను నోరు తెరిచేలోపల, “మా కుటుంబానిది మేడమ్,” అన్నాడు పచ్చబాబు.

నాన్న మోకాళ్లమీద చేతులు వేసి లేచాడు. “సరే చిన్నోడా, ఆ నేల ఇంక నీది. పెద్దోడు కూడా ఒప్పుకున్నట్టేగా, దగ్గరుండి గెలిపించాడు,” అని, నా భుజంమీది పొట్టు రెండు దులుపులు దులిపి వెళ్లిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు. కోడి నాలుగు పోట్లు పొడిచినప్పుడు తెలియని నొప్పి అప్పుడు తెలిసింది.

నా భార్య మందుసీసా తెచ్చింది. బొటనవేలికి గుడ్డ చుడుతూ తల ఎత్తలేదు.

“కోడంటే భయం లేదని తేలిపోయింది కదా,” అన్నాను.

“తేలింది,” అంది. ముడి కొంచెం గట్టిగా బిగించింది. “భయం ఉన్నా బాగుండేది.”

అటుపిమ్మట పాలనాపర్వం. గది నడుస్తోంది, వారం వారం అతిథులు వస్తున్నారు. పచ్చబాబు వాళ్లను వెనక్కి తీసుకెళ్లి మొనకట్టె లాగి చూపిస్తాడు. వాళ్లు చప్పట్లు కొడతారు. బకెట్టు నిండితే మోసుకెళ్లి ఎరువుగుంటలో పోసేది ఎవరని అడగకండి. ఆ ఎరువు బ్రహ్మాండంగా తయారవుతోంది, కాదనను. వేద్దామంటే మడే లేదు. రాళ్లదిబ్బమీద వేసి చూశాను. రాళ్లు కొంచెం బలంగా కనబడుతున్నాయి. ఆ యుద్ధం జరిగిన నాలుగో రోజున చుక్కలకోడి తొమ్మిది పిల్లలను వెంటేసుకుని తలుపు సందులోంచి సపరివారంగా బయటకొచ్చి, నా ముందునుంచే, నన్ను గుర్తుపట్టనట్టు, నడిచి వెళ్లిపోయింది.

కనుక తోటల్లో ఉన్నవాళ్లు, దారిన పోయేవాళ్లు, ఆకుల సంఘం సభ్యులు, సమస్త కుక్కుట జాతి చెవులు రిక్కించి విందురు గాక! పదిహేడు దినముల పొదుగుదీక్షలో ఉన్న మహాబలశాలిని ఎదిరించి, ఒక్క ఈక రాలకుండా, ఒక్క గుడ్డు చిట్లకుండా, తన నెత్తురు తానే చిందించి జయించిన గంపశిరస్త్రాణుడు, సొరంగయుద్ధ విశారదుడు, పొట్టుపెట్టె విజేత నేనే, మరొకడు కాడు. గెలుచుకున్నది రంపపుపొట్టు, రెండు మగ్గులు. పోగొట్టుకున్నది కాలువ వారన నల్లనేల, పొడవు ముప్పై ఆరు అడుగులు, వెడల్పు ఇరవై రెండు అడుగులు, మొత్తం ఎనభై ఎనిమిది చదరపు గజాలు.